సెరిబ్రల్ పాల్సీ: డాక్టర్లు పదిమందైనా ఫైలు ఒక్కటే కావాలి

కదలికలు, కండరాల అదుపు దెబ్బతినే సెరిబ్రల్ పాల్సీ (సీపీ) అని తేలిన రోజు తల్లిదండ్రులకు దాదాపు ప్రతి డాక్టరూ చెప్పే మాట ఒకటుంది: "మెదడుకు తగిలిన దెబ్బ ఇక పెరగదు." అది నిజమే. గర్భంలోనో, కాన్పు వేళో, పుట్టిన తొలి నెలల్లోనో ఎదుగుతున్న మెదడుకు అయిన గాయం అక్కడితో ఆగుతుంది. ఆగనిది శరీరం. ఎముక పొడవు పెరుగుతూ ఉంటుంది, బిగుసుకున్న కండరం దానితో పాటు సాగదు. ఏళ్ల తరబడి లాగుతున్న కండరం తొడ ఎముక తలను తుంటి గిన్నెలోంచి బయటికి నెడుతుంది, వెన్ను వంకర తిరుగుతుంది. మూడేళ్లప్పుడు లేని సమస్య ఎనిమిదేళ్లకు, ఇరవైలో లేనిది నలభైలో వస్తుంది. "పెరగదు" అన్న మాట విని ఫాలోఅప్ మానేసిన కుటుంబాలు నష్టపోయేది ఇక్కడే.

రెండో చిక్కు, ఇది ఒక్క అవయవానికి సంబంధించినది కాదు. అంతర్జాతీయ అధ్యయనాలను కలిపి చూస్తే సీపీ ఉన్నవారిలో నలుగురికి ముగ్గురు నొప్పితో ఉంటారు. ఇద్దరిలో ఒకరికి మేధోపరమైన లోపం ఉంటుంది, అంటే మిగతా సగం మందికి ఉండదు. ముగ్గురిలో ఒకరు నడవలేరు. నలుగురిలో ఒకరికి మాట రాదు, నలుగురిలో ఒకరికి ఫిట్స్ ఉంటాయి, ఐదుగురిలో ఒకరికి నిద్ర సరిగా పట్టదు. అందుకే పిల్లల డాక్టరు, న్యూరాలజిస్టు, ఎముకల డాక్టరు, ఫిజియోథెరపిస్టు, ఆక్యుపేషనల్ థెరపిస్టు, స్పీచ్ థెరపిస్టు, కంటి డాక్టరు, పళ్ల డాక్టరు, డైటీషియన్... ఇంతమంది కావాలి. కావాల్సిన వాళ్లు దొరకకపోవడం ఒక సమస్య. దొరికినా ఎవరి చీటీ వారిది కావడం దానికంటే పెద్ద సమస్య.

అది ఎలా జరుగుతుందో ఒక వరుసలో చూడవచ్చు. ఇది ఊహించి కూర్చిన వరుసే గానీ, ఇందులోని ప్రతి మెట్టూ ఆయా మందుల గురించి బాగా తెలిసిన సంగతే. ఏడేళ్ల పాపకు ఫిట్స్ కోసం క్లోనజిపామ్ పెంచారు. ఆ మందుకు లాలాజలం, గొంతులో స్రావాలు ఎక్కువ చేసే గుణం ఉంది, చొంగ పెరిగింది. చొంగ తగ్గడానికి మరో చోట గ్లైకోపైరోలేట్ రాశారు. అది నోటితో పాటు పేగునూ ఎండబెడుతుంది, మలబద్ధకం మొదలైంది. కడుపు నొప్పి అని చెప్పడానికి పాపకు మాట లేదు. నొప్పికి శరీరం కాళ్లూ చేతులూ ఇంకా బిగించి జవాబిచ్చింది. బిగువు పెరిగిందని బాక్లోఫెన్ డోసు పెంచారు. దాంతో మత్తు, మెడ నిలవలేదు, మింగడం మందగించింది, పాలు ఊపిరితిత్తుల వైపు జారాయి. నెలలో రెండోసారి నిమోనియాతో అడ్మిట్ అయింది. ఏ చీటీని విడిగా చూసినా తప్పు దొరకదు. అన్నీ ఒకే బల్ల మీద పెట్టి, తేదీల వరుసలో చదివితే మాత్రం మొదట ప్రశ్నించాల్సింది క్లోనజిపామ్ డోసునని, రెండో మెట్టులోనే మలబద్ధకానికి లాక్టులోజో పాలీఇథిలీన్ గ్లైకాలో జోడించి ఉండాల్సిందని ఐదు నిమిషాల్లో తెలుస్తుంది.

కలిసి చేసే వైద్యం అంటే ఈ ఐదు నిమిషాలే. ఒకే భవనంలో పది గదులున్నంత మాత్రాన అది రాదు.

మొదటి రెండేళ్లు

మన దగ్గర చాలామంది పిల్లలకు సీపీ అన్న మాట ఏడాదిన్నర, రెండేళ్లు దాటాకే వినపడుతుంది. "ఇంకా చూద్దాం, కొందరు పిల్లలు ఆలస్యంగా నడుస్తారు" అని పంపేస్తారు. ఈ ఎదురుచూపుకు ఇప్పుడు శాస్త్రీయ ఆధారం లేదు. నెలలు నిండకుండా పుట్టినవారు, పుట్టగానే ఏడవక ఎన్‌ఐసీయూలో ఉన్నవారు, కామెర్లు బాగా పెరిగినవారు, చక్కెర పడిపోయినవారు – ఇలా ముప్పు ముందే తెలిసిన పిల్లల్లో ఐదు నెలల లోపే చాలావరకు తేల్చవచ్చు. దీనికి మూడు సాధనాలు: శిశువు సహజ కదలికల పరిశీలన, హామర్‌స్మిత్ నరాల పరీక్ష, ఎంఆర్‌ఐ.

మొదటిదానికి ఖరీదైన యంత్రం ఏమీ అక్కర్లేదు. కాన్పు తేదీగా ఇచ్చిన రోజు నుంచి 9 వారాలు దాటి 20 వారాల లోపు ఉన్న పాపను వెల్లకిలా పడుకోబెట్టాలి. పాప మెలకువగా, ఏడవకుండా ఉండాలి. కాళ్లూ చేతులూ కనిపించేలా పల్చటి బట్ట ఉంటే చాలు. బొమ్మలు చూపకూడదు, నోట్లో పాలపీక పెట్టకూడదు, ఎవరూ పలకరించకూడదు. ఒళ్లంతా ఫ్రేములో పడేలా ఫోన్‌తో 3 నుంచి 5 నిమిషాలు వీడియో తీయాలి. మెడ, భుజాలు, మణికట్లు, చీలమండల్లో అన్ని దిక్కులకూ చిన్నచిన్న కదలికలు నిరంతరం కనిపించాలి. ఇవి పూర్తిగా లేకపోతే సీపీ వచ్చే ముప్పు చాలా ఎక్కువ. వీడియో ఎవరైనా తీయవచ్చు గానీ, చదవాల్సింది శిక్షణ పొందినవారే. జిల్లాలో తీసి నగరానికి పంపే వీలున్న పరీక్ష ఇది. హామర్‌స్మిత్ పరీక్షలో 26 అంశాలు, మొత్తం 78 మార్కులు. మూడో నెలలో 57 కంటే తక్కువ వస్తే గట్టిగా అనుమానించాలి.

ముప్పు ఉందని తేలితే పేరు ఖాయమయ్యే దాకా ఆగకుండా పని మొదలుపెట్టాలి. ఒక చెయ్యి ఎప్పుడూ పిడికిలిగా ఉంటే, ఏడాది నిండకముందే ఎప్పుడూ ఒక్క చేతినే చాపుతుంటే, రెండో చేతికి పని కల్పించే ఆటలు ఆ నెలలోనే మొదలవ్వాలి. వాడని చేతికి మెదడులో జాగా తగ్గిపోతుంది.

కారణం తెలిస్తే ఏ డాక్టరు కావాలో కూడా తెలుస్తుంది. కామెర్లు ముదిరి మెదడు దెబ్బతిన్న పిల్లల్లో కండరాల బిగువు కంటే అదుపులేని మెలికల కదలికలే ఎక్కువ. వీరిలో వినికిడి నరం దెబ్బతినే అవకాశం ఉంది. ఇక్కడే ఒక మోసం జరుగుతుంది. ఆసుపత్రుల్లో సాధారణంగా చేసే ఓఏఈ పరీక్ష చెవిలోపలి కణాలను మాత్రమే చూస్తుంది, ఈ పిల్లలు అందులో పాసవుతారు. నరాన్ని పరీక్షించేది బెరా. కామెర్ల చరిత్ర ఉన్న బిడ్డకు ఓఏఈ కాగితం చూసి "చెవులు బాగున్నాయి" అనుకోవడం అంటే రెండు మూడేళ్ల మాటను పోగొట్టుకోవడమే. చక్కెర పడిపోయిన పిల్లల్లో దెబ్బ ఎక్కువగా తల వెనక భాగంలో, చూపును అర్థం చేసుకునే చోట పడుతుంది. కన్ను బాగానే ఉంటుంది, చూసింది బుర్రకెక్కదు. రంగుల బొమ్మలు గుట్టగా పోసి చూపిస్తే తల తిప్పేసుకునే బిడ్డ, నల్లటి గుడ్డ మీద ఒక్క పసుపు బంతి పెడితే చూడవచ్చు.

ఐదు స్థాయిలు

పదిమంది ఒకే మాట మాట్లాడాలంటే ఒకే కొలత ఉండాలి. "మైల్డ్", "సివియర్" అన్నవి కొలతలు కావు. 1997లో కెనడాలో రూపొందిన జీఎంఎఫ్‌సీఎస్ అనే వర్గీకరణలో ఐదు స్థాయిలున్నాయి. ఒకటో స్థాయి పిల్లలు ఏ ఆసరా లేకుండా నడుస్తారు, పరుగెత్తుతారు. రెండులో నడుస్తారు గానీ ఎగుడుదిగుళ్లలో, మెట్ల మీద ఇబ్బంది. మూడులో చేతికర్రో వాకరో కావాలి. నాలుగులో కూర్చోగలరు గానీ తిరగడానికి ఎక్కువగా చక్రాల కుర్చీయే. ఐదులో మెడ, నడుము కూడా నిలవవు. చేతుల పనికి, మాట్లాడడానికి, తినడానికి ఇలాంటివే వేరే ఐదు మెట్ల కొలతలున్నాయి. చీటీ పైన "జీఎంఎఫ్‌సీఎస్ 4" అని ఒక్క ముక్క రాసి ఉంటే తర్వాతి డాక్టరుకు పావుగంట ప్రశ్నలు తప్పుతాయి.

ఈ స్థాయి రెండేళ్లు దాటాక పెద్దగా మారదు. ఒంటారియోలో 657 మంది పిల్లలను గమనించి 2002లో ప్రచురించిన రేఖలు చెప్పిందేమిటంటే, ఒకటో స్థాయి పిల్లలు తమకు సాధ్యమైన కదలికలో 90 శాతాన్ని దాదాపు ఐదేళ్లకే చేరుకుంటారు, ఐదో స్థాయి వారు మూడేళ్ల లోపే. ఇది తల్లిదండ్రులకు చెప్పడం కష్టమే. కానీ చెప్పకపోతే నాలుగో స్థాయి బిడ్డను "నడిపించి తీరాలి" అని పదేళ్లు పట్టీల్లో నిలబెట్టి, ఆ పదేళ్లలో చదువు, మాట, చక్రాల కుర్చీని తానే నడుపుకోవడం అన్నీ వాయిదా పడిపోతాయి. నడక ఒక్కటే లక్ష్యమైన చోట బాల్యమంతా ఫిజియోథెరపీ గదిలోనే గడిచిపోతుంది.

తుంటి: ఎక్స్‌రే చెప్పే లెక్క

మొత్తం సీపీ వైద్యంలో క్రమశిక్షణతో అడ్డుకోగలిగిన నష్టం ఏదైనా ఉందంటే అది తుంటి జారడం. ఆస్ట్రేలియాలో 2006లో వచ్చిన అధ్యయనంలో ఒకటో స్థాయి పిల్లల్లో తుంటి పక్కకు జరగడం కనిపించలేదు. మూడో స్థాయిలో 41 శాతం, నాలుగులో 69, ఐదులో 90 శాతం మందిలో కనిపించింది. మొదట్లో నొప్పి ఉండదు, చేత్తో చూస్తే తెలియదు. కాళ్లు బాగానే విచ్చుకుంటున్నాయి కదా అని వదిలేసిన బిడ్డకూ లోపల జారుతూ ఉండవచ్చు. కాబట్టి ఎక్స్‌రే ఒక్కటే దారి. మూడు నుంచి ఐదు స్థాయిల పిల్లలకు ఏడాది, రెండేళ్ల వయసు మధ్య మొదటిది, ఆ తర్వాత కుదుటపడే దాకా ఆరు నెలలకోసారి.

ఆ ఎక్స్‌రే ఎలా తీశారన్నది కూడా ముఖ్యమే. బిడ్డ వెల్లకిలా ఉండాలి, కటి రెండు వైపులా సమానంగా ఆనాలి, మోకాలి చిప్పలు నేరుగా పైకి చూడాలి. నడుము కింద ఖాళీ ఉంటే మోకాళ్ల కింద దిండు పెట్టి నడుమును బల్లకు ఆనించాలి. కాలు లోపలికో బయటికో తిరిగి ఉంటే లెక్క తారుమారవుతుంది. నిరుడు మెరుగ్గా, ఈసారి చెడుగా కనిపించిన తుంటి నిజానికి అలాగే ఉండి ఉండవచ్చు.

ఫిల్ము మీద రెండు పక్కల గిన్నెల మధ్య మృదులాస్థిని కలుపుతూ ఒక అడ్డగీత, గిన్నె బయటి అంచు నుంచి దానికి నిలువుగా మరో గీత గీస్తారు. తొడ ఎముక తల వెడల్పు 30 మిల్లీమీటర్లు ఉండి, అందులో 12 మిల్లీమీటర్లు నిలువు గీతకు అవతల ఉంటే 40 శాతం జరిగినట్టు. 30 దాటితే ఎముకల డాక్టరు చూడాలి. 40కి చేరితే ఆపరేషన్ గురించి మాట్లాడాల్సిందే. 100 అంటే పూర్తిగా బయటపడినట్టు. "తుంటి ఓకే" అన్న రిపోర్టును ఒప్పుకోకుండా రెండు వైపులా శాతం అడిగి రాయించుకోవాలి. ఒక్క ఫిల్ము కంటే రెండు ఫిల్ముల మధ్య తేడా ఎక్కువ చెబుతుంది. ఆరు నెలల్లో 22 నుంచి 31కి వచ్చిన తుంటి, మూడేళ్లుగా 33 దగ్గరే ఆగిన తుంటి కంటే ప్రమాదకరం.

ఇంత సాదా పనికి ఎంత ఫలితం ఉంటుందో దక్షిణ స్వీడన్ చూపించింది. 1994లో అక్కడ సీపీయూపీ అనే కార్యక్రమం మొదలైంది. సీపీ ఉన్న ప్రతి బిడ్డనూ ఒకే పట్టికలో నమోదు చేయడం, కీళ్లు ఎంత కదులుతున్నాయో నిర్ణీత గడువుల్లో కొలవడం, తుంటి ఎక్స్‌రేలు తప్పకుండా తీయడం, ఇంతే. అంతకుముందు నూటికి దాదాపు తొమ్మిది మందికి తుంటి పూర్తిగా ఊడిపోయేది. కార్యక్రమం వచ్చాక పుట్టినవారిలో అది నూటికి ఒకరి కంటే తక్కువకు దిగింది. కొత్త మందేమీ కనిపెట్టలేదు. ఫిజియోథెరపిస్టు కొలిచిన అంకె అదే వారం సర్జన్ కంటబడింది.

కత్తి, సూది, వాటి వేళ

పిల్లల ఎముకల సర్జన్ మెర్సర్ రాంగ్ "బర్త్‌డే సిండ్రోమ్" అనేవాడు. ఏడాదికో ఆపరేషన్, ప్రతి పుట్టినరోజూ ఆసుపత్రిలోనే. ఒక కీలును సరిచేస్తే పై కీలు పాడవడమే దీనికి కారణం. మన దగ్గర ఎక్కువగా కనిపించే రూపం మడమ స్నాయువు సాగదీయడం. రెండు కాళ్లూ బిగుసుకుని మునివేళ్ల మీద నడిచే ఐదేళ్ల పిల్లవాడికి మడమ వెనక కోస్తే పాదం వెంటనే నేలకానుతుంది, ఇంట్లో అందరికీ సంతోషం. మునివేళ్ల నడకకు అసలు కారణం బిగుసుకున్న తుంటి, మోకాళ్లైతే, నాలుగైదేళ్లలో ఒళ్లు బరువెక్కేసరికి బలం పోయిన పిక్క ఆ బరువును ఆపలేదు. మోకాళ్లు వంగిపోయి కుంగి నడిచే స్థితి వస్తుంది. దాన్ని సరిచేయడం మొదటి సమస్య కంటే చాలా కష్టం. అందుకే వీలైనంత వరకు నడక స్థిరపడే ఆరు నుంచి పన్నెండేళ్ల మధ్య, నడకను వీడియోలోనో ల్యాబులోనో పరీక్షించి, అవసరమైన కీళ్లన్నిటినీ ఒకే ఆపరేషన్‌లో సరిచేయడం మేలు. ఆ తర్వాత మునుపటి స్థాయికి రావడానికే దాదాపు ఏడాది పడుతుంది. ఆ ఏడాది ఫిజియోథెరపీ ఎక్కడ, ఎవరు చేస్తారు, పిల్లవాడు బడికి ఎలా వెళతాడు అన్నది తేలకుండా ఆపరేషన్ తేదీ వేయకూడదు.

బిగుసుకున్న కండరాన్ని కొంతకాలం వదులు చేసే బొటులినం ఇంజెక్షన్ గురించీ ఇదే మాట. సూది ప్రభావం దాదాపు నెలకు పతాక స్థాయికి చేరి మూడు నాలుగు నెలలకు తగ్గిపోతుంది. ఆ కిటికీ తెరిచి ఉన్నప్పుడే సాగదీసే కట్లు, కొత్త ఏఎఫ్‌ఓ (చీలమండను, పాదాన్ని నిలిపే పట్టీ), నిర్దిష్టమైన పని సాధన జరగాలి. సూది వేయించి మూడో నెలలో ఏఎఫ్‌ఓ కొలతకు పంపితే డబ్బు నీళ్లపాలు. మింగడం, ఊపిరి ఇప్పటికే బలహీనంగా ఉన్న ఐదో స్థాయి పిల్లలకు పెద్ద డోసులతో ప్రమాదం కూడా ఉంది. కాబట్టి సూది వేసే డాక్టరు ముందుగా స్పీచ్ థెరపిస్టు రిపోర్టు చూడాలి.

బాక్లోఫెన్ మాత్రల విషయంలో ఒక హెచ్చరిక పెద్ద అక్షరాలతో రాసిపెట్టుకోవాలి: హఠాత్తుగా ఆపకూడదు. సంక్రాంతికి ఊరెళ్లి మందుల సంచి మరిచిపోతే బిగువు విపరీతంగా తిరగబెట్టి, ఫిట్స్, భ్రమలు కూడా రావచ్చు.

అన్నం ముద్ద

ఎదుగుదల మందగించిన బిడ్డను "సీపీ పిల్లలు ఇలాగే సన్నగా ఉంటారు" అని వదిలేయడం మామూలైపోయింది. నిలబడలేని బిడ్డ ఎత్తు కొలవలేక చాలాచోట్ల అసలు కొలవరు. మోకాలిని లంబకోణంలో వంచి, మడమ అడుగు నుంచి మోకాలి పైభాగం దాకా సెంటీమీటర్లలో కొలిచి, దాన్ని 2.69తో గుణించి 24.2 కలిపితే పన్నెండేళ్ల లోపు పిల్లల ఎత్తు అంచనా వస్తుంది. మోకాలి ఎత్తు 30 అయితే దాదాపు 105 సెంటీమీటర్లు. బరువుకు తల్లి బిడ్డను ఎత్తుకుని ఒకసారి, ఒక్కతే ఒకసారి తూగితే చాలు.

తినిపించడంలో మొదటి తప్పు భంగిమ. కాళ్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి ఉగ్గు పోసే అలవాటు మన ఇళ్లలో ఉంది. తల వెనక్కి వాలితే గొంతులో గాలిదారి తెరుచుకుని ఉంటుంది, మింగడానికి ముందే ద్రవం జారిపోతుంది. నడుము నిటారుగా, తుంటి, మోకాలు, చీలమండ మూడూ లంబకోణంలో, పాదాలు ఏదో ఒకదాని మీద ఆని, గడ్డం కొంచెం ఛాతీ వైపు వంగి ఉండాలి. తినిపించేవాళ్లు ఎదురుగా, బిడ్డ కంటి ఎత్తులో కూర్చోవాలి. నిలబడి తినిపిస్తే బిడ్డ తల పైకెత్తుతుంది, మళ్లీ అదే ప్రమాదం. లోతులేని చిన్న చెంచాలో సగం చెంచాడు, నాలుక మధ్యలో మెల్లగా నొక్కి, పెదవులు మూసుకునే దాకా ఆగి, నేరుగా బయటికి తీయాలి. పై పళ్లకు రాసి ఊడ్చేయకూడదు.

రెండో తప్పు పదార్థం చిక్కదనం. నీళ్లు, పల్చటి మజ్జిగ, చారు అన్నిటికంటే కష్టమైనవి. చారన్నం ఇంకా కష్టం, ఎందుకంటే నోట్లో మెతుకు, నీరు వేర్వేరు వేగంతో కదులుతాయి. మెత్తగా మెదిపిన పప్పన్నం, చిక్కటి రాగిజావ, పెరుగు నయం. ఒక్క పూట తినడానికి అరగంట దాటుతోందంటే, తిన్నాక గొంతు గురగురమంటోందంటే, కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయంటే మింగే పరీక్ష చేయించాలి. దగ్గు రాకుండానే ఊపిరితిత్తుల్లోకి పోయే పిల్లలూ ఉంటారు, వారిలో కనిపించేది తరచూ వచ్చే నెమ్ము మాత్రమే. ఒక చెంచా నెయ్యి దాదాపు 40 కేలరీలు. పరిమాణం పెంచకుండా శక్తి పెంచడానికి అదే సులువైన దారి. అప్పటికీ బరువు పెరగకపోతే పొట్టకు ట్యూబు గురించి మాట్లాడాలి. ట్యూబు అంటే తల్లి ఓడిపోయినట్టు కాదు. రోజుకు ఐదారు గంటలు అన్నం పెట్టడానికే పోయే ఇంట్లో అది బిడ్డకు ఆడుకునే సమయం ఇస్తుంది. ట్యూబు పెట్టాక మాత్రం డైటీషియన్ లెక్క కావాలి, కదలని శరీరానికి కేలరీలు తక్కువ చాలు, ఊబకాయం వస్తే ఎత్తేవారి నడుములు పోతాయి.

మాటరాని బిడ్డ అకస్మాత్తుగా ఏడుస్తున్నా, బిగువు పెరిగినా బాక్లోఫెన్ పెంచే ముందు తల నుంచి కాలిగోరు దాకా వెతకాలి: చెవి, పన్ను, గుండెమంట, మలబద్ధకం, మూత్రంలో ఇన్ఫెక్షన్, తుంటి, ఏఎఫ్‌ఓ ఒరుసుకున్న చోటు, లోపలికి పెరిగిన గోరు. నడవని పిల్లల ఎముకలు పెళుసుగా ఉంటాయి. బట్టలు మార్చేటప్పుడు మోకాలి పైన విరిగిన ఎముక రెండు మూడు రోజులు ఎవరికీ తెలియకపోవచ్చు.

ఫైలు ఎవరి దగ్గర

రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లో మొదలయ్యాక జిల్లా ఆసుపత్రుల్లో డీఈఐసీలు (పిల్లల లోపాలకు తొలి దశలోనే చికిత్స అందించే జిల్లా కేంద్రాలు) వచ్చాయి. పిల్లల డాక్టరు, ఫిజియో, స్పీచ్, ఆడియాలజీ, మానసిక నిపుణులు ఒకే చోట ఉండాలన్నది దాని ఆలోచన. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో బడి వైపు నుంచి మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి. రెండూ మంచి ఏర్పాట్లే, ఒకదాని కాగితం మరోదానికి చేరకపోవడమే లోటు. ఫిజియోథెరపిస్టు వారానికోసారి వచ్చే భవిత కేంద్రానికి ఆసుపత్రిలో సర్జన్ ఏం చెప్పాడో తెలియదు.

కలిసి కూర్చున్న చోట ఏం మారుతుందంటే, లక్ష్యం ఒక్కటే అవుతుంది. "చేతుల పని మెరుగుపరచాలి" అన్నది లక్ష్యం కాదు. "ఆరు నెలల్లో బడిలో మధ్యాహ్న భోజనం సగం తానే చెంచాతో తినాలి" అన్నది లక్ష్యం. దానికి ఫిజియో నడుము నిలిపే కుర్చీ చూస్తాడు, ఆక్యుపేషనల్ థెరపిస్టు చెంచా పిడికి స్పాంజి చుట్టి లావు చేస్తుంది, స్పీచ్ థెరపిస్టు ఏ పదార్థం సురక్షితమో చెబుతుంది, డాక్టరు మధ్యాహ్నం మత్తు రాకుండా మందు వేళ మారుస్తాడు, టీచరు బల్ల ఎత్తు సరిచేస్తుంది. ఇలా నిర్దిష్టమైన పనిని ఇంట్లో, బడిలో పదేపదే సాధన చేయించడానికే పరిశోధనల్లో గట్టి ఆధారం ఉంది. థెరపిస్టు కాళ్లు వంచి చాపడానికి అంత ఆధారం లేదు. ఫీజు మాత్రం రెండింటికీ ఒకటే.

శిబిరాల్లో ఇచ్చే చక్రాల కుర్చీ గురించి ఒక్క మాట. సీటు వెడల్పు తుంటి వెడల్పు కంటే రెండు మూడు సెంటీమీటర్లే ఎక్కువ ఉండాలి. సీటు లోతు పిరుదుల వెనక నుంచి మోకాలి మడత దాకా ఉన్న కొలతలో రెండు మూడు సెంటీమీటర్లు తక్కువ ఉండాలి. "పెరుగుతాడు కదా" అని పెద్దది తీసుకుంటే ఆ ఖాళీలో నడుము ఒక పక్కకు ఒరిగి వెన్ను వంకర వేగం పుంజుకుంటుంది.

వైకల్య ధ్రువపత్రం కోసం వెళ్లే సదరం శిబిరంలో కూడా ముక్కలు కలపాల్సిందే. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో సీపీని కదలిక వైకల్యం కింద చేర్చారు కాబట్టి ఎముకల డాక్టరు కదలిక శాతమే వేస్తాడు. మాట, వినికిడి, తెలివితేటల లోపం ఉంటే విడిగా పరీక్షించి కలపమని అడగాలి. కలిపేది మామూలు కూడిక కాదు. కదలిక 60, వినికిడి 40 అయితే, తక్కువ అంకెను 90లో మిగిలిన 30తో గుణించి 90తో భాగిస్తారు, 13 వస్తుంది, మొత్తం 73.

ఇక స్టెమ్ సెల్ ఇంజెక్షన్లు. లక్షలు పోసి, ఇల్లు తాకట్టు పెట్టి చేయించుకునేవారున్నారు. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం అనుమతి పొందిన పరిశోధనల్లో తప్ప సీపీకి వాటిని వాడకూడదు, అలాంటి పరిశోధనలో రోగి నుంచి డబ్బు తీసుకోకూడదు. ఒత్తిడి గదిలో ఆక్సిజన్ ఇచ్చే చికిత్సను కెనడాలో కొద్దిపాటి ఒత్తిడితో ఇచ్చిన మామూలు గాలితో పోల్చి చూశారు, 2001లో ఫలితాలు వచ్చాయి, తేడా లేదు.

పద్దెనిమిది తర్వాత

పద్దెనిమిదో పుట్టినరోజుతో డీఈఐసీ తలుపు మూసుకుంటుంది. పిల్లల డాక్టరు "ఇక పెద్దవాళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లండి" అంటాడు. ఆ పెద్దవాళ్ల డాక్టరుకు చదువులో సీపీ పిల్లల విభాగంలోనే ఎదురైంది. ఈ మార్పును పద్నాలుగో ఏటే మొదలుపెట్టాలి. మాట్లాడగలిగిన అబ్బాయో అమ్మాయో డాక్టరుతో కొంతసేపు తల్లిదండ్రులు లేకుండా మాట్లాడడం, తన మందుల పేర్లు తానే చెప్పడం అప్పుడే అలవాటు కావాలి. వాల్‌ప్రోయేట్ అనే ఫిట్స్ మందు మీదున్న ఆడపిల్లకు, ఆ మందు గర్భంలోని బిడ్డకు చేసే హాని గురించి చెప్పి, మార్చే వీలుందేమో న్యూరాలజిస్టును అడగాల్సిన వయసూ అదే. చక్రాల కుర్చీలో ఉంది కాబట్టి ఆ ప్రశ్న రాదనుకోవడం మన దగ్గర బాగా పాతుకున్న పొరపాటు.

1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద పద్దెనిమిది దాటిన వ్యక్తికి సంరక్షకుణ్ని నియమించే స్థానిక కమిటీ జిల్లా కలెక్టర్ అధ్యక్షతన పనిచేస్తుంది. ఆ ట్రస్టుదే నిరామయ బీమా, ఏడాదికి లక్ష రూపాయల దాకా, థెరపీ ఖర్చు కూడా అందులో ఉంటుంది. కానీ సీపీ ఉన్న ప్రతి ఒక్కరికీ సంరక్షకుడు అక్కర్లేదు. చేతులు వణికి సంతకం కుదరనంత మాత్రాన, మాట స్పష్టంగా లేనంత మాత్రాన నిర్ణయం తీసుకోలేని మనిషి అయిపోడు. చెన్నైలో తయారైన ఆవాజ్ లాంటి బొమ్మల యాప్ ద్వారానో, కంటిచూపుతో అక్షరాలు చూపించే పలక ద్వారానో అభిప్రాయం చెప్పగలిగితే ముందు ఆ దారి ఏర్పాటు చేయాలి.

పెద్దవారిలో మొదట కనిపించేది అలసట. సీపీ నడకకు మామూలు నడక కంటే ఎంతో ఎక్కువ శక్తి కావాలి. పాతికేళ్లకు బస్టాండు దాకా నడిచి వెళ్లిన మనిషి ముప్పై ఐదుకు సగంలో ఆగిపోవచ్చు. దూరానికి చక్రాల కుర్చీ వాడుకుని ఆ శక్తిని ఉద్యోగానికి మిగుల్చుకోవడం తెలివైన పనే, కానీ చిన్నప్పటి నుంచి "కుర్చీ అంటే ఓటమి" అని విన్నవారికి అది మింగుడుపడదు. కుంగుబాటు, ఆందోళన కూడా వీరిలో ఎక్కువ. అడిగేవారు తక్కువ.

అన్నిటికంటే ఎక్కువగా పొరబడేది మెడ దగ్గర. మెలికల కదలికలున్నవారిలో దశాబ్దాల పాటు అదుపులేకుండా తిరిగిన మెడలో ఎముకలు త్వరగా అరిగి వెన్నుపామును నొక్కుతాయి. అప్పటిదాకా గుండీలు పెట్టుకున్న వేళ్లు పట్టు తప్పడం, నడక కొన్ని నెలల్లోనే దిగజారడం, మూత్రం ఆపుకోలేకపోవడం దాని గుర్తులు. "సీపీ కదా, వయసుతో ఇంతే" అని పంపేసే చోట వెన్నుపాము శాశ్వతంగా దెబ్బతింటుంది. మెదడు గాయం పెరగదు కాబట్టి, పెద్దయ్యాక కొత్తగా పోయిన ఏ శక్తికైనా వేరే కారణం ఉండి తీరాలి. మెడ ఎంఆర్‌ఐ అదే నెలలో తీయించాలి. కదలకుండా పడుకోలేనివారికి మత్తు అవసరమవుతుంది. కాబట్టి బుక్ చేసేటప్పుడే సీపీ అని, ఫిట్స్ మందులు, బాక్లోఫెన్ వాడుతున్నారని చెప్పి, ఖాళీ కడుపుతో రమ్మన్న ఉదయం కూడా ఆ మాత్రలు గుక్కెడు నీళ్లతో వేయవచ్చా, ఏ గంట లోపు వేయాలి అన్నది మత్తు డాక్టరు చేత రాయించుకోవాలి.